హిట్లర్‌ను జనం గెలిపించారా? వైమర్ రిపబ్లిక్ కూలిన కథలో చిక్కుముడి

గ్రూప్స్‌కి చదివిన ఎవరినైనా ఈ బిట్ అడగండి, ఠక్కున జవాబు చెబుతారు. అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కులను నిలిపివేసే పద్ధతిని మన రాజ్యాంగం ఎక్కడి నుంచి తీసుకుంది? జర్మనీలోని వైమర్ రాజ్యాంగం నుంచి. మార్కు పడిపోతుంది, అక్కడితో వదిలేస్తాం. అదే పద్ధతి ఆ జర్మనీ కొంపను ఎలా ముంచిందన్నది బిట్ బ్యాంకులో ఉండదు.

ఇంకోపక్క, రాజకీయాల మీద ఎక్కడ వాదన జరిగినా ఎవరో ఒకరు అనే మాట ఒకటుంది: "హిట్లర్ కూడా ఎన్నికల్లో గెలిచే వచ్చాడు." వెంటనే ఇంకొకరు అందుకుంటారు: "గెలవలేదండీ, కుట్ర చేసి లాక్కున్నాడు." రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కాబట్టే ఈ వాదన ఎప్పటికీ తెగదు. ఓట్ల లెక్కలు, రాజ్యాంగంలోని నాలుగైదు అధికరణాలు, కొన్ని తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ముడి చాలావరకు విడిపోతుంది.

ఊరి పేరు రిపబ్లిక్‌కు ఎలా వచ్చింది

మొదటి ప్రపంచ యుద్ధంలో ఓటమి ఖాయమైన రోజుల్లో, 1918 నవంబర్ 9న, జర్మన్ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ గద్దె దిగాడు. అదే రోజు బెర్లిన్‌లో రిపబ్లిక్ ప్రకటించారు. 1919 జనవరిలో ఎన్నికలు జరిగాయి. మహిళలు కూడా ఓటు వేశారు. రాజ్యాంగం రాయాల్సిన సభకు అల్లర్లతో అట్టుడుకుతున్న బెర్లిన్ క్షేమం కాదనిపించి, వైమర్ అనే చిన్న ఊళ్ళో కూర్చున్నారు. అలా ఆ ఊరి పేరు రాజ్యాంగానికి, ఆ రాజ్యాంగం పేరు ఆ పద్నాలుగేళ్ళ కాలానికి అంటుకుపోయింది.

రిపబ్లిక్‌ను మనస్ఫూర్తిగా కోరుకున్న పార్టీలు మూడు. సోషల్ డెమోక్రాట్లు, కేథలిక్కుల సెంటర్ పార్టీ, ఉదారవాద డెమోక్రాట్లు. 1919లో ఈ మూడింటికీ కలిపి 76 శాతం ఓట్లు వచ్చాయి. ఏడాదిన్నర తిరగకుండా, 1920 జూన్‌లో, అవి సగం కన్నా కిందికి పడిపోయాయి. మళ్ళీ ఎప్పుడూ వాటికి మెజారిటీ రాలేదు. అంటే ఈ రిపబ్లిక్ తన జీవితంలో ఎక్కువ భాగం తనను ఇష్టపడని వాళ్ళ మద్దతుతోనో, అయిష్టంగా భరించే వాళ్ళ మద్దతుతోనో నడిచింది.

ఇష్టపడకపోవడానికి కారణాలు పుట్టుకతోనే వచ్చాయి. 1919 జూన్‌లో సంతకం చేసిన వెర్సాయ్ ఒప్పందం జర్మనీ నుంచి భూభాగాలను తీసుకుంది, సైన్యాన్ని లక్ష మందికి కుదించింది, యుద్ధ పరిహారం కట్టమంది. 1921లో ఆ పరిహారం మొత్తాన్ని 13,200 కోట్ల బంగారు మార్కులుగా తేల్చారు. యుద్ధం ఓడింది చక్రవర్తీ సైన్యాధికారులూ అయితే, అవమానం మాత్రం కొత్త ప్రభుత్వం నెత్తిన పడింది. "సైన్యం ఓడలేదు, ఇంట్లోవాళ్ళే వెన్నుపోటు పొడిచారు" అన్న కథను సేనానులే ప్రచారం చేశారు. యుద్ధ విరమణ పత్రంపై సంతకం చేసిన మథియాస్ ఎర్జ్‌బెర్గర్‌ను 1921లో కాల్చి చంపారు. విదేశాంగ మంత్రి వాల్టర్ రాథెనావును 1922లో చంపారు.

48, 25, 53: విడివిడిగా మంచివే, కలిస్తేనే ప్రమాదం

జర్మన్ పార్లమెంటును రైష్‌టాగ్ అంటారు. ప్రభుత్వాధినేత ఛాన్సలర్, మన ప్రధాని లాంటివాడు. పైన ప్రెసిడెంట్. ఇక్కడే మనతో పెద్ద తేడా ఉంది. మన రాష్ట్రపతిని ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎన్నుకుంటారు. వాళ్ళ ప్రెసిడెంటును మొత్తం జనం నేరుగా ఏడేళ్ళకు ఎన్నుకునేవారు. పోయిన చక్రవర్తి స్థానంలో జనం ఎన్నుకున్న చక్రవర్తిని కూర్చోబెట్టినట్టు అన్నమాట.

ఆయన చేతిలో మూడు అధికరణాలు ఉండేవి. 53 ప్రకారం ఛాన్సలర్‌ను నియమించేది, తొలగించేది ఆయనే. 25 ప్రకారం రైష్‌టాగ్‌ను రద్దు చేయవచ్చు, ఆ తర్వాత 60 రోజుల్లోపు ఎన్నికలు పెట్టాలి. 48 ప్రకారం, శాంతిభద్రతలకు తీవ్ర భంగం కలిగితే అవసరమైన చర్యలన్నీ తీసుకోవచ్చు, ఏడు ప్రాథమిక హక్కులను తాత్కాలికంగా నిలిపివేయవచ్చు. ఏదైనా రాష్ట్రం కేంద్రం పట్ల తన బాధ్యత నెరవేర్చకపోతే సైన్యాన్ని పంపవచ్చు.

రాజ్యాంగం రాసినవాళ్ళు అమాయకులేం కాదు. 48కి కళ్ళెం కూడా పెట్టారు. రైష్‌టాగ్ వద్దంటే ఆ చర్యలు రద్దు కావాల్సిందే. ఛాన్సలర్ మీద రైష్‌టాగ్‌లో అవిశ్వాసం నెగ్గితే అతను దిగిపోవాల్సిందే. అది 54వ అధికరణం.

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. ప్రభుత్వానికి మెజారిటీ లేదు. పన్నుల బిల్లును రైష్‌టాగ్ తిప్పికొట్టింది. ప్రెసిడెంట్ అదే బిల్లును 48 కింద ఆర్డినెన్స్‌గా తెచ్చాడు. రైష్‌టాగ్ తన హక్కు వాడుకుని దాన్నీ రద్దు చేసింది. వెంటనే ప్రెసిడెంట్ 25 కింద రైష్‌టాగ్‌నే రద్దు చేశాడు. సభ లేని ఆ 60 రోజుల్లో అదే ఆర్డినెన్స్ మళ్ళీ తెచ్చాడు. వద్దనడానికి సభే లేదు. ఇది ఊహించి చెప్పింది కాదు, 1930 జులైలో అచ్చం ఇలాగే జరిగింది.

48ని ఎలా వాడాలో వివరించే చట్టం ఒకటి రావాలని అదే అధికరణంలో రాసి ఉంది. ఆ చట్టం ఎప్పటికీ రాలేదు.

అయితే 48ని వాడటమే పాపమని అనలేం. మొదటి ప్రెసిడెంట్ ఫ్రీడ్రిష్ ఎబర్ట్ దాన్ని 136 సార్లు వాడాడు. తిరుగుబాట్లను అణచడానికి, డబ్బు విలువ కుప్పకూలినప్పుడు దేశాన్ని నిలబెట్టడానికి వాడాడు. ఆయన సోషల్ డెమోక్రాట్, రిపబ్లిక్‌ను కాపాడటమే ఆయన పని. 1925లో ఆయన చనిపోయాక ఆ కుర్చీలోకి వచ్చింది పాల్ ఫన్ హిండెన్‌బుర్గ్. వెన్నుపోటు కథను ప్రచారం చేసిన సేనానుల్లో ఆయనొకడు. తాళంచెవి అదే, చెయ్యి మారింది.

బండెడు నోట్లు హిట్లర్‌ను తెచ్చాయా?

నోట్ల కట్టలతో పిల్లలు ఆడుకుంటున్న ఫొటో మనందరం చూసిందే. 1923 జనవరిలో పరిహారం బకాయిల కోసం ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు రూర్ పారిశ్రామిక ప్రాంతంలోకి దిగాయి. దానికి నిరసనగా సమ్మె చేస్తున్న కార్మికులకు జీతాలివ్వడానికి ప్రభుత్వం నోట్లు అచ్చేస్తూ పోయింది. నవంబర్ నాటికి ఒక డాలర్ ధర 4.2 లక్షల కోట్ల మార్కులు. జీవితాంతం దాచుకున్న సొమ్ము రొట్టె ముక్కకు కూడా చాలని స్థితి.

అదే నెలలో హిట్లర్ మ్యూనిక్‌లో ఒక బీరు హాలు నుంచి తిరుగుబాటుకు దిగి, మర్నాటికే ఓడిపోయాడు. దేశద్రోహం కేసులో ఐదేళ్ళ శిక్ష పడింది. జడ్జీలు ఎంత దయగా ఉన్నారంటే 1924 డిసెంబర్‌లోనే బయటికొచ్చాడు. ఇకపై ఆయుధాలతో కాదు, ఓట్లతోనే లోపలికి పోవాలని ఆయన తేల్చుకున్నది ఈ ఓటమి తర్వాతే.

కానీ "ద్రవ్యోల్బణం వల్ల హిట్లర్ వచ్చాడు" అన్న మాట తేదీల ముందు నిలబడదు. 1923 నవంబర్‌లోనే కొత్త కరెన్సీ వచ్చింది. తర్వాత ఐదేళ్ళూ దేశం కాస్త తేరుకుంది. 1928 మే ఎన్నికల్లో నాజీ పార్టీకి వచ్చింది 2.6 శాతం ఓట్లు, 12 సీట్లు. నాజీలు పెరిగింది ధరలు ఆకాశాన్నంటినప్పుడు కాదు. ధరలూ జీతాలూ పడిపోయి పని దొరకనప్పుడు, అంటే 1929 అక్టోబర్‌లో అమెరికా స్టాక్ మార్కెట్ కూలి, జర్మనీకి అప్పులిచ్చినవాళ్ళు డబ్బు వెనక్కి లాక్కున్నాక. 1923 గాయం మధ్యతరగతి మనసులో మానలేదన్నది నిజం. దాని ఫలితం వేరే దారిలో వచ్చింది. మళ్ళీ ద్రవ్యోల్బణం వస్తుందేమోనన్న భయంతో, ఖర్చు పెట్టాల్సిన సమయంలో ప్రభుత్వం పొదుపుకు దిగింది.

పావు శాతం దగ్గర పడిపోయిన ప్రభుత్వం

ప్రజాస్వామ్యం ఎప్పుడు చచ్చిపోయిందని అడిగితే చాలామంది 1933 అంటారు. నన్నడిగితే ఊపిరి ఆడటం మానేసింది 1930 మార్చి 27న. ఆ రోజు ఎవరూ తుపాకీ పేల్చలేదు, వీధుల్లో ఊరేగింపులూ లేవు.

సోషల్ డెమోక్రాట్ హెర్మన్ మ్యూలర్ నడుపుతున్న ఐదు పార్టీల సంకీర్ణం అది. నిరుద్యోగం పెరగడంతో నిరుద్యోగ బీమా నిధికి డబ్బు చాలడం లేదు. జీతాల నుంచి కోసే వాటాను 3.5 శాతం నుంచి కొంచెం పెంచాలా, వద్దా? కార్మికుల పార్టీ పెంచాలంది, వ్యాపారుల పార్టీ వద్దంది. చివరికి తేడా పావు శాతం దాకా వచ్చింది, అక్కడ కూడా కుదరలేదు. చిలికి చిలికి గాలివాన అంటారే, అదీ సంగతి. మ్యూలర్ రాజీనామా చేశాడు.

హిట్లర్‌కు ముందు రైష్‌టాగ్ మెజారిటీతో నడిచిన చివరి జర్మన్ ప్రభుత్వం అదే. తర్వాత వచ్చిన సెంటర్ పార్టీ నాయకుడు హైన్‌రిష్ బ్రూనింగ్‌కు మెజారిటీ లేదు, ప్రెసిడెంట్ సంతకం ఉంది. తన ఆర్డినెన్స్‌ను రైష్‌టాగ్ కొట్టేయగానే పైన చెప్పిన ఉపాయమే ప్రయోగించి సభను రద్దు చేయించాడు. 1930 సెప్టెంబర్ 14న ఎన్నికలొచ్చాయి. నాజీలు 12 సీట్ల నుంచి 107కి ఎగబాకారు. అవసరం లేని ఎన్నిక ఒకటి పెట్టి, హిట్లర్‌ను రెండో అతిపెద్ద పార్టీ నాయకుణ్ణి చేశారన్నమాట.

అక్కడి నుంచి లెక్కలు చూడండి. 1931లో రైష్‌టాగ్ చేసిన చట్టాలు 34, ప్రెసిడెంట్ తెచ్చిన ఆర్డినెన్సులు 44. 1932లో చట్టాలు ఐదంటే ఐదు, ఆర్డినెన్సులు సుమారు 60. మిగతా ప్రతిపక్షాలతో కలిస్తే సోషల్ డెమోక్రాట్లకు ఇవి కొట్టేసే బలం ఉంది. కొట్టేస్తే మళ్ళీ ఎన్నికలు, ఎన్నికలైతే నాజీలు ఇంకా పెరుగుతారు. అందుకని పళ్ళు బిగబట్టి ఊరుకున్నారు. జీతాల కోతలకూ పన్నుల పెంపుకూ అలా వాళ్ళు కూడా భాగస్వాములై, సొంత కార్మికుల దృష్టిలో పలచనయ్యారు. 1932 మొదట్లో నిరుద్యోగులు 60 లక్షలు.

వద్దనడానికి మెజారిటీ, నడపడానికి సున్నా

1932 జులై 31 ఎన్నికల్లో నాజీలకు 37.3 శాతం ఓట్లు, 608 సీట్లలో 230 వచ్చాయి. స్వేచ్ఛగా జరిగిన ఎన్నికల్లో వాళ్ళు చేరిన శిఖరం అదే. కమ్యూనిస్టులకు 89 వచ్చాయి. ఈ రెండు పార్టీలూ ఒకదాన్నొకటి వీధుల్లో చంపుకుంటున్నాయి. కానీ 230, 89 కలిపితే 319. సగం 304. అంటే రిపబ్లిక్‌నే వద్దనే వాళ్ళకు మెజారిటీ ఉంది. వాళ్ళిద్దరూ కలిసి ప్రభుత్వం పెట్టరు, ఇంకెవరు పెట్టినా పడగొట్టగలరు.

అప్పటి ఛాన్సలర్ ఫ్రాంజ్ ఫన్ పాపెన్, కులీన వంశస్థుడు, గుర్రపు పందేల మనిషి, జనంలో పలుకుబడి లేనివాడు. సెప్టెంబర్ 12న సభ మొదలవగానే కమ్యూనిస్టులు అవిశ్వాసం ప్రతిపాదించారు. పాపెన్ సభను రద్దు చేసే పత్రాన్ని ఎర్ర ఫైల్లో పట్టుకుని మాట్లాడనివ్వమని చెయ్యెత్తాడు. స్పీకర్ కుర్చీలో ఉన్న నాజీ నాయకుడు గోరింగ్ అటు చూడనే లేదు, ఓటింగ్ మొదలైపోయిందన్నాడు. పాపెన్ వెళ్ళి పత్రం బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. ఫలితం: అవిశ్వాసానికి అనుకూలంగా 512, వ్యతిరేకంగా 42. రద్దు చెల్లింది, మళ్ళీ ఎన్నికలు.

ఈ పాపెన్ చేసిన ఇంకో పని దీనికన్నా పెద్దది. జర్మనీలో ఐదింట మూడు వంతులుండే రాష్ట్రం ప్రష్యా. అక్కడి సోషల్ డెమోక్రాట్ ప్రభుత్వం చేతిలో దేశంలోకెల్లా పెద్ద పోలీసు బలగం ఉంది. 1932 జులై 20న, శాంతిభద్రతలు చెడిపోయాయన్న సాకుతో, 48వ అధికరణం కింద ఆ ప్రభుత్వాన్ని తీసిపారేసి పాపెన్ తానే కమిషనర్‌గా కూర్చున్నాడు. ఆర్టికల్ 356 చరిత్ర తెలిసిన మనకు ఇదేమిటో విడమరచి చెప్పక్కర్లేదు. తీసేయబడ్డ మంత్రులు కోర్టుకెళ్ళారు. పన్నెండేళ్ళ క్రితం, 1920లో, ఒక సైనిక తిరుగుబాటును సార్వత్రిక సమ్మెతో ఓడించిన పార్టీయే అది. ఈసారి సమ్మెకు పిలుపివ్వలేదు. 50 లక్షలకు పైగా జనం పని లేక వీధుల్లో ఉంటే సమ్మె ఎవరు చేస్తారు?

వెనకగదిలో కుదిరిన బేరం

1932 నవంబర్ 6 ఎన్నికల్లో నాజీలు దెబ్బతిన్నారు. 20 లక్షల ఓట్లు పోయాయి, సీట్లు 230 నుంచి 196కి పడ్డాయి. పార్టీ నెత్తిన అప్పులు. డిసెంబర్‌లో రెండో స్థాయి నాయకుడు గ్రెగోర్ స్ట్రాసర్ పదవులన్నీ వదిలేశాడు. గాలి తీసేసిన టైరులా ఉంది పరిస్థితి. మరి రెండు నెలల్లోపే హిట్లర్ ఛాన్సలర్ ఎలా అయ్యాడు?

పాపెన్ పడిపోయాక ఛాన్సలర్ అయినవాడు జనరల్ కుర్ట్ ఫన్ ష్లైషర్. తనను దింపిన ష్లైషర్ మీద పాపెన్‌కు పగ. 1933 జనవరి 4న కొలోన్ నగరంలో ఒక బ్యాంకర్ ఇంట్లో పాపెన్, హిట్లర్ రహస్యంగా కలుసుకున్నారు. పాపెన్ లెక్క ఇది: హిట్లర్ దగ్గర జనం ఉన్నారు, మా దగ్గర ప్రెసిడెంట్ ఉన్నాడు. అతన్ని ముందు పెట్టి పగ్గాలు మేం పట్టుకుంటాం, మా మోచేతి నీళ్ళు తాగుతూ పడుంటాడు. 85 ఏళ్ళ హిండెన్‌బుర్గ్‌కు హిట్లర్ అంటే చిన్నచూపు. 1932 ఆగస్టులో ఛాన్సలర్ పదవి అడిగితే మొహం మీదే కుదరదన్నాడు. ఆయన్ని మెత్తబరిచింది పాపెన్, ప్రెసిడెంట్ కొడుకు, చుట్టూ ఉన్న కొద్దిమంది.

జనవరి 30న ప్రమాణం. మంత్రివర్గంలో నాజీలు హిట్లర్‌తో కలిపి ముగ్గురే, మిగతావాళ్ళు పాత కులీనులు, జాతీయవాదులు. పాపెన్ వైస్ ఛాన్సలర్. కాగితం మీద చూస్తే నిజంగానే హిట్లర్ చుట్టూ కంచె వేసినట్టుంది. కానీ ఆ మూడు కుర్చీలు ఏవో చూడండి. ఛాన్సలర్ హిట్లర్, కేంద్ర హోం మంత్రి ఫ్రిక్, ప్రష్యా హోం శాఖ గోరింగ్. ఆరు నెలల క్రితం పాపెన్ లాక్కున్న ప్రష్యా పోలీసులు ఇప్పుడు గోరింగ్ చేతిలో పడ్డారు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే.

మొదటి ప్రశ్నకు ఇక్కడొక జవాబు చెప్పుకోవచ్చు. ఓట్లు హిట్లర్‌ను గుమ్మం దాకా తెచ్చాయి. ఓట్లు తగ్గుతున్నప్పుడు తలుపు తీసింది మాత్రం లోపలివాళ్ళు.

యాభై రెండు రోజులు

ఫిబ్రవరి 27 రాత్రి రైష్‌టాగ్ భవనం తగలబడింది. లోపల మారినస్ ఫన్ డెర్ లూబ్ అనే డచ్ యువకుడు దొరికాడు. అతనొక్కడే చేశాడని ఎక్కువమంది చరిత్రకారులు అంటారు, నాజీల హస్తం ఉందనే వాదన కూడా ఆగిపోలేదు. ఎవరు అంటించినా మంట వేడి తగ్గకముందే దాన్ని వాడుకున్నది నాజీలే. మర్నాడే 48 కింద ఒక ఆర్డినెన్స్ వచ్చింది. వాక్ స్వాతంత్ర్యం, పత్రికలు, సభలు, సంఘాలు, ఉత్తరాల గోప్యత, ఇంటి రక్షణ, వ్యక్తి స్వేచ్ఛ, ఆస్తి, అన్నీ "తదుపరి ఉత్తర్వుల వరకు" నిలిచిపోయాయి. తదుపరి ఉత్తర్వులు పన్నెండేళ్ళ దాకా రాలేదు. కమ్యూనిస్టులను వేల సంఖ్యలో అరెస్టు చేశారు.

అంత భయం మధ్య జరిగిన మార్చి 5 ఎన్నికల్లో కూడా నాజీలకు వచ్చింది 43.9 శాతమే. 647లో 288. మిత్రపక్షం జాతీయవాదుల 52 కలిపితే 340, సాధారణ మెజారిటీకి సరిపోతుంది. కానీ హిట్లర్ అడిగింది రాజ్యాంగాన్ని పక్కనపెట్టి ప్రభుత్వమే చట్టాలు చేసే అధికారం. దానికి మూడింట రెండు వంతులు కావాలి.

పెన్ను తీసుకుని లెక్కేద్దాం. 647లో మూడింట రెండు వంతులు 432. చేతిలో ఉన్నవి 340. లోటు 92. సెంటర్ పార్టీకి, దాని బవేరియా తోబుట్టువుకు కలిపి ఉన్న సీట్లు సరిగ్గా 92.

ఇంకో అడ్డంకి ఉంది. ఓటింగుకు సభ్యుల్లో మూడింట రెండు వంతుల మంది హాజరు కావాలి. అంటే 216 మంది రాకపోతే సభ చెల్లదు. సోషల్ డెమోక్రాట్లు 120, కమ్యూనిస్టులు 81, మొత్తం 201. ఇంకో 15 మంది ఇంట్లో కూర్చుంటే చాలు. అందుకే సభా నియమాలు మార్చేశారు. కారణం చెప్పకుండా గైర్హాజరైన వాళ్ళను వచ్చినట్టే లెక్క కడతారట! కమ్యూనిస్టుల సీట్లను లెక్కలోంచే తీసేశారు.

మార్చి 23న, కాలిపోయిన భవనానికి బదులు క్రోల్ ఆపెరా హాల్లో సభ. లోపల గోడల వెంట నాజీ గుంపులు. సెంటర్ పార్టీ నాయకుడు లుడ్‌విగ్ కాస్, చర్చి హక్కుల గురించి హామీలు అందుకుని, రాతపూర్వకంగా రావాల్సిన ఉత్తరం రాకపోయినా సరేనన్నాడు. వ్యతిరేకంగా లేచి మాట్లాడింది సోషల్ డెమోక్రాట్ ఓటో వెల్స్ ఒక్కడే. "మా స్వేచ్ఛను, ప్రాణాలను తీసుకోగలరు, మా గౌరవాన్ని తీసుకోలేరు" అన్నాడు. అనుకూలం 444, వ్యతిరేకం 94. ఆ 94 మందీ ఆయన పార్టీవాళ్ళే. అనుకూలంగా వేసినవాళ్ళలో థియోడోర్ హాయిస్ అనే ఉదారవాది ఉన్నాడు, యుద్ధం తర్వాత పశ్చిమ జర్మనీకి మొదటి ప్రెసిడెంట్ అయ్యింది ఆయనే.

చట్టం అసలు పేరు "ప్రజల, దేశపు కష్టాలు తొలగించే చట్టం". ఐదే అధికరణాలు. నాలుగేళ్ళ గడువు. రాష్ట్రాల సభ ఉనికికీ ప్రెసిడెంట్ అధికారాలకూ భంగం కలగకూడదని అందులోనే ఉంది. రాష్ట్రాల సభను ఏడాది తిరక్కుండా రద్దు చేశారు. గడువును పొడిగిస్తూ పోయారు.

తర్వాతి సంగతులు గబగబా జరిగాయి. మేలో కార్మిక సంఘాలు పోయాయి, జూన్‌లో సోషల్ డెమోక్రాట్లను నిషేధించారు, మద్దతిచ్చిన సెంటర్ పార్టీ జులై 5న తనను తానే రద్దు చేసుకుంది, జులై 14న నాజీ పార్టీ తప్ప మరే పార్టీ ఉండకూడదని చట్టం వచ్చింది. 1934 జూన్ 30న హిట్లర్ తన సొంత గుంపు నాయకులనే చంపించాడు. ఆ పనిలో పనిగా మాజీ ఛాన్సలర్ ష్లైషర్‌ను ఆయన ఇంట్లోనే, భార్యతో సహా కాల్చేశారు, స్ట్రాసర్‌నూ చంపారు. జులై 3న ఆ హత్యలన్నీ చట్టబద్ధమేనని ఒక్క వాక్యపు చట్టం చేశారు. ఆగస్టు 2న హిండెన్‌బుర్గ్ చనిపోయాడు. ప్రెసిడెంట్ పదవి కూడా హిట్లర్‌లో కలిసిపోయింది, సైనికులు దేశానికి కాక ఆయన పేరు మీద ప్రమాణం చేశారు. జూన్ 30న గృహనిర్బంధంలో పడ్డ పాపెన్ బతికి బయటపడి రాయబారి ఉద్యోగాలు చేసుకున్నాడు.

తప్పు ఎవరిది? నాలుగు వాదనలు

రాజ్యాంగంలోనే లోపం ఉందనేవాళ్ళు 48ని, దామాషా పద్ధతిని చూపిస్తారు. దామాషా అంటే ఎన్ని ఓట్లకు అన్ని సీట్లు. ప్రతి 60 వేల ఓట్లకు ఒక సీటు, కనీస శాతం నిబంధన లేదు. అందుకే పదుల పార్టీలు, పద్నాలుగేళ్ళలో ఇరవై దాకా ప్రభుత్వాలు. నాకు మాత్రం దామాషాను తిట్టడం ఆడలేక మద్దెల ఓడన్నట్టే అనిపిస్తుంది. మన పద్ధతిలో 40 శాతం లోపు ఓట్లతో సొంత మెజారిటీ రావడం మామూలే. 1932 జులైలో జర్మనీలో మన పద్ధతి ఉండి ఉంటే, 37 శాతంతో హిట్లర్ ఎవరి సాయమూ లేకుండా గద్దెనెక్కేవాడేమో. 48 సంగతి వేరు. దాని మీద ఫిర్యాదు బలమైనదే.

ఆర్థిక మాంద్యమే కారణమనే వాదనకు ఓట్ల గ్రాఫ్ గట్టి సాక్ష్యం. కానీ చిత్రంగా, పని పోయినవాళ్ళు ఎక్కువగా మళ్ళింది కమ్యూనిస్టుల వైపు. నాజీల బలం ప్రొటెస్టెంట్ పల్లెల్లో, చిన్న పట్టణాల్లో, ఉన్నది పోతుందేమోనని భయపడ్డ రైతులు, దుకాణదారులు, ఉద్యోగుల్లో ఉంది. పైగా మాంద్యం అమెరికా, బ్రిటన్‌లను కూడా కుదిపింది, అక్కడ పార్లమెంటులు నిలిచాయి. బ్రూనింగ్‌కు పొదుపు తప్ప వేరే దారి ఉందా లేదా అన్నదాని మీద ఆర్థిక చరిత్రకారులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు.

వామపక్షాల చీలికే ముంచిందన్నది మూడో వాదన. 1932 నవంబర్‌లో సోషల్ డెమోక్రాట్లు 121, కమ్యూనిస్టులు 100. కలిస్తే నాజీల 196ను దాటేవారు. మాస్కో గీసిన గీతలో నడుస్తూ కమ్యూనిస్టులు సోషల్ డెమోక్రాట్లను "సోషల్ ఫాసిస్టులు" అన్నారు. 1929 మే డే రోజుల్లో సోషల్ డెమోక్రాట్ల ఆధ్వర్యంలోని బెర్లిన్ పోలీసుల కాల్పుల్లో 30 మందికి పైగా చనిపోయారు, ఆ నెత్తురు మధ్యలో ఉంది. అయినా 584 సీట్లలో 221 మెజారిటీ కాదు కదా.

మిగిలింది కులీనుల కుట్ర వాదన. చివరి రెండు నెలలకు ఇది చాలా బాగా అతుకుతుంది. కానీ ఒక కోటీ 17 లక్షల ఓట్లు వెనక లేని మనిషితో పాపెన్ బేరమే ఆడేవాడు కాదు. నేను ఎక్కువ బరువు వేసేది 1930 దగ్గరే. మూడేళ్ళు ఆర్డినెన్సులతో బతికి, రైష్‌టాగ్ లేకపోయినా బండి నడుస్తుందని జనం అలవాటు పడ్డాకే, రైష్‌టాగ్ అక్కర్లేదన్నవాడు మామూలు మనిషిలా కనిపించాడు.

1949లో రెండు దేశాల్లో

మన రాజ్యాంగ సభలో 1949లో ఎమర్జెన్సీ అధికరణాల మీద చర్చ వచ్చినప్పుడు హెచ్.వి. కామత్ వైమర్ పేరు ఎత్తి, హిట్లర్ వాడుకున్నది ఇలాంటి నిబంధనలనే అని అడ్డుపడ్డారు. నిబంధనలు నిలిచాయి. 1975 జూన్‌లో వాటిని వాడారు. తర్వాత, 1978లో 44వ సవరణతో, ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణాల కింది హక్కులను నిలపకూడదని చేర్చారు, "ఆంతరంగిక కల్లోలం" అన్న మాట తీసి "సాయుధ తిరుగుబాటు" అని రాశారు.

అదే 1949లో పశ్చిమ జర్మనీ కొత్త రాజ్యాంగం రాసుకుంది. ప్రెసిడెంటును జనం నేరుగా ఎన్నుకోరు, 48 లాంటి ఆర్డినెన్సులు ఆయన చేతిలో లేవు. ఛాన్సలర్‌ను దించాలంటే ఉత్తినే వద్దంటే కుదరదు, అదే ఓటుతో కొత్త ఛాన్సలర్‌ను ఎన్నుకోవాలి. 1932 జులైలో ఈ నియమం ఉంటే ఆ 319 మంది ఏమీ చేయలేకపోయేవారు. ప్రజాస్వామ్యం, మానవ గౌరవం లాంటి మూలసూత్రాలను ఎంత మెజారిటీ ఉన్నా మార్చలేరు. ఐదు శాతం ఓట్లు రాని పార్టీలకు సాధారణంగా సీట్లు ఉండవన్న నియమాన్ని ఎన్నికల చట్టంలో తెచ్చారు.

హిట్లర్ వైమర్ రాజ్యాంగాన్ని ఎప్పుడూ లాంఛనంగా రద్దు చేయలేదు. అవసరమే రాలేదు. 1949లో పాత రాజ్యాంగం నుంచి మతానికి సంబంధించిన ఐదు అధికరణాలను కొత్త దాంట్లోకి యథాతథంగా తెచ్చుకున్నారు. వాటిలో 139వది ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడుతుంది. 2009లో బెర్లిన్‌లో క్రిస్మస్ ముందు ఆదివారాలు వరుసగా షాపులు తెరవడాన్ని రాజ్యాంగ కోర్టు ఆపింది ఆ అధికరణం ఆధారంగానే. ఉద్యోగానికో ఎమ్మెస్‌కో జర్మనీ వెళ్ళిన మనవాళ్ళు మొదటి ఆదివారం పాల ప్యాకెట్ కోసం బయల్దేరి, వీధిలో సూపర్ మార్కెట్లన్నీ మూసి ఉండటం చూసి తెల్లబోతారు. ఆ వీధిలో ఇప్పటికీ అమల్లో ఉన్నది వైమర్ రాజ్యాంగమే.